పేరు లేని సీసా

మానవుడు రసాయనాలతో చేసే స్నేహం ఈనాటిది కాదు. గోడకు పూసే సున్నం, బురదనీటిని తేర్చే పటిక, ఇత్తడి గిన్నెకు కళాయి పోసేవాడు చల్లే నవసాగరం, దేవుని ముందు వెలిగే కర్పూరం, తెగుళ్లు సోకిన తోటలకు వాడే మైలుతుత్తం - ఇవన్నీ రసాయనాలే. ప్రయోగశాలలోని గాజుసీసాలకు మాత్రమే ఆ పేరు చెల్లుతుందని అనుకోవడం అపోహ. మన పూర్వులు ఇటువంటి పదార్థాల గుణాలను అనుభవంతో గుర్తించారు. కాల్చిన సున్నపురాయి మీద నీరు పడితే అది కుతకుత ఉడుకుతుందని, మూత లేని భరిణెలో కర్పూరం నిలువదని బడి ముఖం చూడని వారికి కూడా తెలుసు. అందుచేతనే సున్నాన్ని తడి తగలని చోట, కర్పూరాన్ని బిగుతైన మూత గల పాత్రలో ఉంచేవారు.

ఆధునిక కాలంలో రసాయనాల సంఖ్య పెరిగింది. వాటితో మనకు గల పరిచయం మాత్రం తగ్గింది. అంగడిలో కొన్న ప్రతి పదార్థాన్నీ ఎలా వాడాలో తెలుసుకుంటున్నాం. వాడగా మిగిలినదాన్ని ఎక్కడ, ఎలా, ఎంతకాలం దాచాలో తెలుసుకొనేవారు అరుదు. వాడేటప్పుడు మనిషి జాగ్రత్తగానే ఉంటాడు. చేతిలో ఉన్నది ప్రమాదకరమైన వస్తువన్న స్పృహ అతనికి ఆ సమయంలో ఉంటుంది. పని ముగిసి, సీసా అటక ఎక్కిన తరువాత ఆ స్పృహ క్రమంగా చెరిగిపోతుంది. ప్రమాదానికి బీజం అక్కడే పడుతుంది.

అటక మీది ప్రపంచం

మహబూబాబాద్ జిల్లాలోని కురవి వీరభద్రస్వామి ఆలయంతో, మహాశివరాత్రి జాతరతో పేరుగాంచిన మండల కేంద్రం. చుట్టూ మిరప, పత్తి, వరి పండే భూములు. ఇటువంటి ప్రాంతంలో ఒక సాధారణ రైతు ఇంటిని గమనిస్తే రసాయనాలు ఎన్ని రూపాల్లో చేరుతాయో అర్థమవుతుంది. మిరపతోటకు కొట్టగా మిగిలిన పురుగుమందు కొట్టంలో ఒక మూల ఉంటుంది. పక్కనే యూరియా బస్తా. స్నానాల గదిలో నేల కడిగే ఆమ్లం, నీళ్ల తొట్టిలో వేసే బ్లీచింగ్ పొడి, తలుపులకు వేయగా మిగిలిన రంగు, దానిలో కలిపే టర్పెంటైన్, ఇన్వర్టర్ బ్యాటరీలోని గంధకామ్లం - ఇవన్నీ ఒకే కప్పు కింద కాపురముంటాయి.

ఆ ఇంట్లో విజ్ఞానశాస్త్రం మీద మక్కువ గల విద్యార్థి ఉంటే ఈ జాబితా మరికొంత పెరుగుతుంది. పటికతో, మైలుతుత్తంతో స్ఫటికాలు పెంచడం, సబ్బు తయారు చేయడం, లోహపు పూత వేయడం, రంగులు కలపడం వంటివి మేధకు పదును పెట్టే అభిరుచులు. వాటిని నిరుత్సాహపరచడం వివేకం కాదు. ఒకప్పుడు ఛాయాచిత్ర కళ కూడా పూర్తిగా రసాయనాల మీద ఆధారపడిన విద్యయే. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844-1905) కాలంలో వెండి లవణాలు పూసిన గాజుపలకల మీద చిత్రాలు తీసేవారు. ఆ పలకలకు అకాలంలో వెలుగు సోకితే శ్రమ అంతా వ్యర్థం. ఆనాటి ఛాయాచిత్రకారులకు కెమెరా పట్టడం ఎంత ముఖ్యమో, సామగ్రిని చీకటిలో, చల్లని చోట భద్రపరచడం అంత ముఖ్యం. దాచడం కూడా ఆ కళలో ఒక భాగమే. ఈనాటి అభిరుచులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

కాలం ఊరకుండదు

దాచిపెట్టిన రసాయనం దాచినట్లే ఉంటుందనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మూత బిగించిన సీసాలో కూడా మార్పు జరుగుతూనే ఉంటుంది. గాలి, తేమ, వెలుగు, వేడి - ఈ నాలుగూ ఆ మార్పుకు కారకాలు.

గాలి, తేమల ప్రభావానికి కాస్టిక్ సోడా చక్కని ఉదాహరణ. సబ్బు తయారీలో వాడే ఈ పదార్థం గాలిలోని తేమను పీల్చి చెమ్మగిల్లుతుంది. కార్బన్ డయాక్సైడును గ్రహించి క్రమంగా కార్బొనేటుగా మారుతుంది. దీని ద్రావణాన్ని గాజుబిరడా గల సీసాలో ఉంచితే అది గాజును కొద్దికొద్దిగా తినివేసి బిరడాను కదలకుండా బిగించివేస్తుంది. బలవంతంగా తీయబోతే సీసా పగిలి ద్రావణం మీద పడుతుంది. అందుకే దీన్ని ప్లాస్టిక్ మూత గల ప్లాస్టిక్ పాత్రలో ఉంచుతారు. వెల్డింగు పనివారు వాడే కార్బైడ్ మరింత ప్రమాదకరం. దానికి తేమ తగిలితే ఎసిటిలీన్ అనే మండే వాయువు పుడుతుంది. వానాకాలంలో కారే కప్పు కింద ఆ డబ్బాను ఉంచడం నిప్పును ఒడిలో పెట్టుకోవడమే.

వెలుగు ప్రభావం వేరొక విధమైనది. సిల్వర్ నైట్రేట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి వాటిని గోధుమరంగు సీసాల్లో అమ్మడానికి కారణం ఉంది. ఆ రంగు గాజు వెలుగులోని శక్తిమంతమైన కిరణాలను లోనికి రానివ్వదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ నిలువ ఉన్నకొద్దీ నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. వెలుగు, వేడి, మలినాలు ఆ చర్యను వేగిరపరుస్తాయి. పుట్టిన వాయువుకు బయటికి దారి లేకపోతే సీసా ఉబ్బుతుంది, ఒక్కొక్కప్పుడు పగులుతుంది. అందుచేత గాఢమైన పెరాక్సైడ్ సీసాలకు వాయువు వెలువడే మూతలు అమర్చుతారు. ఇటువంటి ద్రవాన్ని వేరొక సీసాలోకి మార్చి గట్టిగా మూత బిగించడం మంచి ఉద్దేశంతో చేసే చెడ్డ పని.

ఇక వేడి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే అనేక రసాయనచర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని విద్యార్థులు భౌతిక రసాయనశాస్త్రంలో చదువుతారు. స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1889లో ఈ సంబంధాన్ని సమీకరణ రూపంలో వివరించాడు. ఈ సూత్రాన్ని పుస్తకంలో విడిచిపెట్టక మన ఇంటికి అన్వయించుకోవాలి. తెలంగాణలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటడం పరిపాటి. రేకుల కప్పు కింద, అటక మీద వేడి అంతకన్నా ఎక్కువ. చల్లని గదిలో రెండేళ్లు నిలిచే పదార్థం అక్కడ కొన్ని నెలల్లోనే చెడిపోవచ్చు.

చెడిపోవడమంటే ప్రమాదకరంగా మారడమే కాదు, బలహీనపడడం కూడా. తాజా బ్లీచింగ్ పొడిలో క్రిమిసంహారానికి ఉపకరించే క్లోరిన్ సుమారు 33 శాతం ఉంటుంది. మూత సరిగా లేని డబ్బాలో, వేడి తగిలే చోట నిలువ చేస్తే అది తగ్గిపోతూ వస్తుంది. వానలు మొదలై ఊరిబావి నీరు కలుషితమైనప్పుడు నిరుడు తెరిచిన పొడిని కొలత ప్రకారం చల్లి, నీరు శుద్ధి అయిందని నమ్మితే జరిగేదేమిటి? పొడి పడింది, క్రిములు చావలేదు. ఊరివారు ధైర్యంగా ఆ నీరు తాగుతారు. ప్రాణం కాపాడవలసిన పదార్థం, నిలువ లోపం వల్ల, జబ్బుకు ద్వారం తెరుస్తుంది.

చేదు పాఠాలు

నిలువ ఉంచిన రసాయనాన్ని మరచిపోతే ఏమవుతుందో తెలుగునేల 2020లో చూసింది. ఆ సంవత్సరం మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నం సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఉన్న ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి పరిసర గ్రామాలను కమ్ముకొంది. నిద్రలో ఉన్నవారు ఊపిరాడక వీధుల్లోకి పరుగులు తీశారు. దారిలోనే కూలబడినవారు ఎందరో. 12 మంది ప్రాణాలు కోల్పోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు.

ఈ ప్రమాదం యంత్రాలు నడుస్తుండగా జరిగినది కాదు. కరోనా కారణంగా విధించిన లాక్‌డౌన్‌తో కర్మాగారం మూతపడి ఉంది. స్టైరీన్ ట్యాంకులో నిలువ ఉంది. ఈ ద్రవానికి ఒక స్వభావం ఉంది. దాని అణువులు తమంతట తాము ఒకదానితో ఒకటి గొలుసుగా కలిసిపోతాయి. కలిసేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి మరిన్ని అణువుల కలయికకు తోడ్పడుతుంది. ఈ వలయం ఆగకుండా సాగితే ద్రవం మరిగి ఆవిరవుతుంది. దీన్ని నివారించడానికి స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, గొలుసుచర్యను ఆపే నిరోధకాన్ని తగు మోతాదులో కలుపుతూ ఉండాలి. రాష్ట్రప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం తన నివేదికలో నిరోధకం కొరతను, శీతలీకరణ యంత్రాలను రాత్రింబవళ్లు నడపకపోవడాన్ని, ట్యాంకు అడుగుభాగంలో మాత్రమే ఉష్ణోగ్రతను కొలవడాన్ని లోపాలుగా ఎత్తిచూపింది. పైభాగం ఉడుకుతున్నా అడుగున ఉన్న కొలమానం చల్లదనాన్నే చూపింది. పని ఆగింది కనుక ప్రమాదం కూడా ఆగిందనుకోవడం ఎంత పెద్ద భ్రమో ఈ సంఘటన చాటింది.

అదే సంవత్సరం ఆగస్టు 4వ తేదీన లెబనాన్ రాజధాని బీరూట్ నౌకాశ్రయంలో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలింది. 200 మందికి పైగా మరణించారు. నగరంలో పెద్దభాగం ధ్వంసమైంది. ఒక ఓడ నుండి దింపిన ఆ సరుకు 2014 నుండి గిడ్డంగిలోనే పడి ఉంది. దాని వల్ల ముప్పు ఉందని అధికారులు లేఖలు రాశారు, కాని సరుకు కదలలేదు. ఈ వార్త విన్న వెంటనే మన దేశంలో కూడా వెతుకులాట మొదలైంది. చెన్నై సమీపంలోని మణలి వద్ద 2015లో స్వాధీనం చేసుకున్న సుమారు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్ కంటైనర్లలో నిలువ ఉన్నట్లు బయటపడింది. దాన్ని వేలంలో పొందిన హైదరాబాదు సంస్థకు 2020 ఆగస్టులో తరలించారు. అయిదేళ్లు కదలని సరుకు కొద్దిరోజుల్లో కదిలింది. మరొక నగరం కాలిపోయిన తరువాత గాని మనకు గుర్తు రాలేదన్నమాట.

ఇవి వేల టన్నుల ముచ్చట్లు, మన ఇంటికి ఏం సంబంధమని అనిపించవచ్చు. బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో జరిగిన సంఘటన ఆ సందేహాన్ని తీరుస్తుంది. అక్కడి ప్రాథమిక పాఠశాలలో 2013 జూలై 16న మధ్యాహ్న భోజనం చేసిన పిల్లల్లో 23 మంది మరణించారు. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసినట్లు పరీక్షల్లో తేలింది. పొలానికి చెందిన విషం వంటగదిలోకి చేరడమే ఆ ఘోరానికి మూలం. ఇక్కడ టన్నుల లెక్క లేదు, యంత్రాలు లేవు. విషానికీ ఆహారానికీ మధ్య ఉండవలసిన ఎడం లేకపోయింది.

పేరే ప్రాణం

నిలువ చేసే విద్యలో మొదటి అక్షరం పేరు రాయడం. ఈ విషయంలో కురవికి గొప్ప వారసత్వమే ఉంది. చరిత్రలో కొరవిగా ప్రసిద్ధమైన ఈ సీమను ముదిగొండ చాళుక్యులు పాలించారు. పదవ శతాబ్దికి చెందిన కొరవి శాసనం తొలినాటి తెలుగు గద్యానికి ఉదాహరణగా పండితుల మన్నన పొందింది. వెయ్యేళ్ల కిందటివారు తాము చెప్పదలచినదాన్ని శిలమీద చెక్కారు కనుక అది నేటివారికి తెలిసింది. రాయనిది వారితోనే పోయింది. సీసా విషయం కూడా అంతే. దానిలో ఉన్నదేమిటో పోసినవానికి ఒక్కనికే తెలుసు. అతడు ఊరికి వెళ్లినా, మరచిపోయినా ఆ సీసా అందరికీ అపరిచితమే. పేరు లేని సీసాను వాడడానికి వీలుండదు, పారవేయడానికి వీలుండదు, ప్రమాదం జరిగితే వైద్యునికి చెప్పడానికి వీలుండదు.

అందుచేత ప్రతి సీసా మీద నాలుగు విషయాలు ఉండాలి. పదార్థం పేరు, దాని గాఢత, కొన్న తేదీ, తెరిచిన తేదీ. వీటిని పెన్సిలుతో గాని, నీటికి చెరగని సిరాతో గాని రాసి, పైన పారదర్శకమైన టేపు అంటించాలి. చీటీని మూత మీద అంటించరాదు. మూతలు మారిపోతాయి. చీటీ ఉన్న వైపు పైకి ఉంచి ఒంపితే కారిన చుక్కలు అక్షరాలను చెరపవు. సంకేతనామాలు, పొడి అక్షరాలు పనికిరావు. ఇంట్లో చదువు వచ్చిన ఎవరు చూసినా అర్థమయ్యేలా తెలుగులో రాయడం మేలు.

చదువు రాని వారి కోసం కూడా చట్టం ఒక ఏర్పాటు చేసింది. 1968 నాటి కీటకనాశినుల చట్టం, దాని కింద 1971లో రూపొందిన నియమాల ప్రకారం పురుగుమందు డబ్బాల మీద రంగు గుర్తులు ముద్రిస్తారు. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు తీవ్ర విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ స్వల్ప విషం. ఆకుపచ్చను చూసి విషం లేదని పొరబడరాదు. పంట పచ్చదనానికీ ఆ పచ్చ గుర్తుకూ సంబంధం లేదు. ఇంత శ్రద్ధతో ముద్రించిన డబ్బాలోని మందును చల్లని పానీయం సీసాలోకి ఒంపిన మరుక్షణం ఆ రక్షణ అంతా వ్యర్థమవుతుంది. దాహంతో వచ్చిన పిల్లవానికి సీసా ఆకారమే చీటీ. వాడు దాన్ని పానీయంగానే చదువుతాడు. అసలు డబ్బా నుండి మందును వేరొక పాత్రలోకి మార్చరాదన్న నియమానికి మినహాయింపు లేదు.

ఇరుగుపొరుగు

ఇల్లు కొనేటప్పుడు పొరుగు చూడాలంటారు. రసాయనాలకు ఈ మాట మరింత వర్తిస్తుంది. విడివిడిగా నెమ్మదిగా ఉండే రెండు పదార్థాలు కలిసినప్పుడు ఉగ్రరూపం దాల్చవచ్చు. స్నానాల గదిలో వాడే ఆమ్లం, బ్లీచింగ్ పొడి పక్కపక్కన ఉండి, ఒకటి కారి రెండవదానిలో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు. పొటాషియం పర్మాంగనేట్, నైట్రేట్లు, బ్లీచింగ్ పొడి వంటివి ఇతర పదార్థాలు మండడానికి దోహదం చేస్తాయి. వీటిని కిరోసిన్, స్పిరిట్, టర్పెంటైన్, గ్లిసరిన్, గంధకం, రంపపు పొట్టు వంటి వాటికి దూరంగా వేరే అరలో ఉంచాలి. ఆమ్లాలను క్షారాలతో కలపరాదు. ప్రయోగశాలల్లో రసాయనాలను అకారాది క్రమంలో కాక గుణక్రమంలో అమర్చమని నిపుణులు చెప్పడానికి ఇదే హేతువు. వర్ణమాలలో పొరుగువారైనంత మాత్రాన స్వభావంలో మిత్రులు కారు.

పాత్రకూ పదార్థానికీ కూడా పొత్తు కుదరాలి. మైలుతుత్తం ద్రావణాన్ని ఇనుప డబ్బాలో పోస్తే రాగి డబ్బా గోడల మీద పేరుకుంటుంది. ఇనుము కరిగి డబ్బాకు చిల్లు పడుతుంది. పాఠంలో చదివిన స్థానభ్రంశ చర్య అటక మీద జరిగి, ద్రవం కింది బియ్యపు సంచి మీదికి కారుతుంది. అయొడిన్ ఆవిరులు లోహపు మూతలను తినివేస్తాయి. సోడియాన్ని కిరోసిన్‌లో ఉంచినట్లే ప్రతి పదార్థానికీ తగిన గూడు ఉంటుంది.

కొన్ని పదార్థాలు ఇంట్లో అసలే ఉండతగవు. ఈథర్ గాలితో కలిసి కాలక్రమంలో పెరాక్సైడ్‌లుగా మారుతుంది. అవి కదిలిస్తే పేలే గుణం కలవి. పిక్రిక్ ఆమ్లాన్ని నీటితో తడిపి నిలువ చేస్తారు. ఏళ్ల తరబడి పట్టించుకోక అది ఎండిపోతే మూత తిప్పినప్పటి రాపిడి చాలు ప్రమాదానికి. పాత ప్రయోగశాలల బీరువాల్లో ఇటువంటి సీసా కనబడితే విద్యార్థి దాన్ని ముట్టరాదు, కదపరాదు. వెంటనే అధ్యాపకునికి తెలియజేయాలి. నైట్రేట్ ఫిల్ముది కూడా ఇదే కథ. 1950 దశకం ఆరంభం వరకు చలనచిత్రాలకు వాడిన ఈ ఫిల్ము నిలువలోనే క్షీణిస్తూ, తేలికగా అంటుకుంటుంది. 2003 జనవరిలో పూనాలో జరిగిన అగ్నిప్రమాదంలో జాతీయ చలనచిత్ర భాండాగారానికి చెందిన ఎన్నో పాత నైట్రేట్ చిత్రాలు బూడిదయ్యాయి. నిలువ ఉంచిన పదార్థం ప్రాణాలనే కాదు, జాతి జ్ఞాపకాలను కూడా హరించగలదు.

చోటు, కొలత, తాళం

రసాయనాలు ఉంచే చోటు చల్లగా, పొడిగా, గాలి ఆడేలా, ఎండ తగలకుండా ఉండాలి. వంటగది, పడకగది, ధాన్యపు కొట్టు, పశువుల దాణా ఉంచే పాక ఇందుకు తగవు. ద్రవాలను కింది అరలో, పొడులను పై అరలో ఉంచాలి. ద్రవం కారినా పొడుల మీద పడదు. కంటి ఎత్తుకు మించిన చోట ఆమ్లాలను పెట్టరాదు. సీసాను ప్లాస్టిక్ తట్టలో నిలబెడితే, పగిలినా ద్రవం అందులోనే ఆగుతుంది. మండే ద్రవాల దగ్గర దీపం, పొయ్యి, స్విచ్చు ఉండకూడదు.

ఎంత నిలువ చేయాలన్నది మరొక ప్రశ్న. చవకగా వస్తున్నదని లీటరు కొని పది చుక్కలు వాడేవాడు పొదుపరి కాడు. మిగిలినదాన్ని ఏళ్ల తరబడి కాపలా కాయవలసిన బాధ్యతను కొనుక్కున్నవాడు. ఈ సీజనుకు సరిపడే మందు, ఈ ప్రయోగానికి సరిపడే లవణం కొనడమే అసలైన పొదుపు. అన్నిటికన్నా సురక్షితమైన సీసా ఇంట్లో లేని సీసాయే.

అరకు తాళం తప్పనిసరి. తాళం చిన్నపిల్లల కోసమే కాదు. మనసు కలత చెందిన వేళ పెద్దవారు కూడా క్షణికావేశానికి లోనవుతారు. ఆ క్షణంలో విషం చేతికి అందకుండా ఉంటే, ఆ ఆవేశం చల్లారే వ్యవధి దొరుకుతుంది. ఇంటివారు పలకరించే వ్యవధి దొరుకుతుంది. ఒక చిన్న తాళం ఒక నిండు ప్రాణాన్ని నిలబెట్టగలదు.

ఏడాదికి రెండుమార్లు, వేసవికి ముందు ఒకసారి, వానలు వెలిసిన తరువాత మరొకసారి, ప్రతి సీసాను పరిశీలించాలి. రంగు మారినది, ఉబ్బినది, మూత చుట్టూ స్ఫటికాలు పేరుకున్నది, తుప్పు పట్టినది, చీటీ చెరిగినది వేరు చేయాలి. స్ఫటికాలు పేరుకున్నదాన్ని, ఉబ్బినదాన్ని తెరిచే ప్రయత్నం చేయరాదు. అనుమానం ఉన్నదాన్ని వాసన చూసి, రుచి చూసి గుర్తుపట్టబోవడం ఆత్మహత్యాసదృశం.

సాగనంపే విధం

నిలువ విద్యలో చివరి మెట్టు సాగనంపడం. కాలం చెల్లిన మందును మురికికాలువలో గాని, ఊరచెరువులో గాని పోస్తే అది చేపలను చంపి, పశువులు తాగే నీటిలో చేరి, తిరిగి మన పళ్లెంలోకే వస్తుంది. డబ్బాలను కాల్చితే విషపుపొగ వెలువడుతుంది. 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమాలు పురుగుమందు డబ్బాలు, రంగుల డబ్బాలు, కాలం చెల్లిన మందులు వంటి వాటిని ఇంటి ప్రమాదకర వ్యర్థాలుగా గుర్తించి, తడి, పొడి చెత్తతో కలపకుండా వేరుగా అప్పగించాలని నిర్దేశించాయి. హైదరాబాదు సమీపంలోని దుండిగల్ వద్ద ప్రమాదకర వ్యర్థాలను శుద్ధిచేసే కేంద్రం ఉంది. పల్లెలో ఉన్నవారు పురుగుమందు విషయంలో వ్యవసాయాధికారిని, ప్రయోగ రసాయనాల విషయంలో కళాశాల రసాయనశాస్త్ర అధ్యాపకుని సంప్రదించడం ఉత్తమం. ఖాళీ అయిన పురుగుమందు డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి పొలానికే వాడాలి. తరువాత డబ్బాకు చిల్లులు పొడవాలి. మంచినీళ్లకు, నూనెకు అది మరల పనికిరాకుండా చేయడమే దీని ఉద్దేశం.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ప్రమాదం జరిగితే తొందరపాటు పనికిరాదు. కంట్లో పడితే వెంటనే శుభ్రమైన నీటితో కనీసం పదిహేను నిమిషాలు కడగాలి. మింగినవారికి బలవంతంగా వాంతి చేయించరాదు. 108కి తెలియజేసి, ఆ సీసాను లేదా దాని చీటీని వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. చీటీ మీది పేరు అప్పుడు మందుకన్నా ముందు పనిచేస్తుంది.

రసాయనం మానవునికి శత్రువు కాదు. పంటను కాపాడినది, రోగాన్ని తగ్గించినది, నీటిని శుద్ధిచేసినది అదే. దాన్ని అక్కరకు తెచ్చుకొని, అక్కర తీరగానే మరచిపోవడంలోనే దోషం ఉంది. దాచడం అంటే కంటికి కనబడకుండా ఉంచడం కాదు, కనిపెట్టి ఉండడం. తాను తెచ్చిన ప్రతి సీసాకూ ఒక పేరు, ఒక తేదీ, ఒక చోటు, ఒక వీడ్కోలు ఏర్పరచగలిగిన విద్యార్థియే విజ్ఞానశాస్త్రాన్ని నిజంగా చదివినవాడు.

అర్థాలు

అపోహ = తప్పు తలంపు
స్పృహ = ఎరుక
మక్కువ = ఇష్టం
హేతువు = కారణం
నిరోధకం = అడ్డుకొనేది
గాఢత = చిక్కదనం, ద్రావణ బలం
స్థానభ్రంశం = చోటు తప్పడం
భాండాగారం = విలువైనవి దాచే చోటు
సదృశం = సమానం

ప్రశ్నలు

1. దాచిన రసాయనాల మీద గాలి, తేమ, వెలుగు, వేడి చూపే ప్రభావాన్ని వివరించండి.
2. విశాఖపట్నం, బీరూట్ ప్రమాదాల నుండి నేర్చుకోవలసిన పాఠాలేవి?
3. ‘పేరే ప్రాణం’ అన్న శీర్షికను కొరవి శాసనం ప్రస్తావనతో సమర్థించండి.
4. బ్లీచింగ్ పొడి బలహీనపడితే ఊరికి కలిగే నష్టమేమిటి?
5. మీ ఇంట్లోని రసాయనాల జాబితా తయారుచేసి, వాటిలో ఒకదానికొకటి దూరంగా ఉంచవలసిన వాటిని గుర్తించండి.